బండికి పెట్రోలు వేడి చేసింది

ఆ కారు ఏ కంపెనీదో చెప్పను. పాపం, కంపెనీ తప్పేమీ లేదు. తప్పు మా ఆయనది, కాస్త మెకానిక్కు సాయిబుది, నిజం ఒప్పుకోవాలంటే కొంత నాది కూడా.

డెబ్భైల చివర్లో మేము ఉదయగిరిలో కాపురం ఉన్నాం. మా ఆయన ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. డాక్టరుగారు కొత్త కారు కొనుక్కుని పాతదాన్ని మా ఆయనకు ఇచ్చేశారు. అభిమానంతో ఇచ్చారని మా ఆయన అంటారు. కొనేవాడు దొరక్క ఇచ్చారని నేనంటాను. ఏదైతేనేం, కాంపౌండరు ఇంటి ముందు కారు నిలబడింది. ఆ రోజు నుంచి మా ఆయన నడకే మారిపోయింది.

ఆయనకు ఆ కారు యంత్రం కాదు, పేషెంటు. పొద్దున్నే బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూసేవారు. హారను సరిగ్గా మోగకపోతే "గొంతు పట్టుకోనుండాది" అనేవారు. చలికాలం ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోతే కఫం అని తేల్చేవారు. నేను బీయస్సీ చదివి, బీఎడ్ చేసి, ఉద్యోగం కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్నదాన్ని. ఈ వైద్యమంతా చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

స్టీరింగు ముందర గుండ్రటి మీటర్లు రెండు పక్కపక్కనే ఉండేవి. ఒకటి పెట్రోలుది. రెండోది ఇంజను వేడిది. ఇంజను చల్లగా ఉంటే దాని ముల్లు సి అనే అక్షరం దగ్గర ఉంటుంది, కాగిపోతే హెచ్ దగ్గరికి పోతుంది. మా కారులో ఆ ముల్లు ఎప్పుడు చూసినా సి దగ్గరే పడుకుని ఉండేది. మా ఆయన దాన్ని చూసి మురిసిపోయేవారు. "చూసినావా మే, ఎంత ఎండలో తిప్పినా దీనికి ఒళ్ళు కాలదు" అనేవారు.

ఒకసారి మేమిద్దరం సంగంలో పెళ్ళికి పోయి తిరిగి వస్తున్నాం. ఆత్మకూరు ఇంకా రాకముందే బానెట్టు సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచింది. ముల్లు మాత్రం సి దగ్గరే హాయిగా ఉంది. మా ఆయన కిందికి దూకి, చొక్కా జేబులోంచి థర్మామీటరు తీశారు. జ్వరం చూసే థర్మామీటరండీ, మనుషుల నాలుక కింద పెట్టేది! వద్దు వద్దని నేను అరుస్తూనే ఉన్నాను, దాన్ని తీసుకుపోయి రేడియేటరు మూత దగ్గర ఆనించారు. టప్పుమంది. పాదరసం పూసలు పూసలుగా రోడ్డు మీద దొర్లిపోయింది. "నూట ఎనిమిది దాటినట్టుండాది" అన్నారు, చేతిలో మిగిలిన గాజుముక్క చూసుకుంటూ.

కాలవ నీళ్ళు పోసి, ఆగుతూ ఆగుతూ ఆత్మకూరు చేరి, సాయిబు షెడ్డు ముందు నిలబెట్టాం. సాయిబు పెద్దాయన. మీటర్ల పనిలో చెయ్యి తిరిగినవాడు. చూపు మాత్రం బాగా తగ్గింది. చూసీ చూడగానే, "ఇంజనుకేం లేదు సార్, పైపు లూజయ్యి నీళ్ళు పోయినాయి, అంతే. ఈ సూయీ వుండాదే, ముల్లు, ఇది మీ బండిలో కాలు పెట్టిన కాడి నుంచీ నిదరపోతా వుండాది. దీన్ని లేపాల" అన్నాడు. పైపు బిగించాడు. మీటర్లు రెండూ ఊడదీశాడు. వేడి మీటరు చచ్చిపోయిందని తేల్చి, ఏదో విడగొట్టిన బండిలోంచి తీసి దాచిపెట్టుకున్న మీటరొకటి తెచ్చాడు.

అక్కడే కొంప మునిగింది. సాయిబు డ్యాష్‌బోర్డు కిందికి తల దూర్చి చెయ్యి వెనక్కి చాపేవాడు. మా ఆయన ఆపరేషను గదిలో డాక్టరుకు కత్తెర అందించినంత శ్రద్ధగా తీగలు అందించేవారు. తీగలన్నీ నూనె, దుమ్ము పట్టి ఒకటే నలుపు. "టాంకీదేనా సార్?" అని సాయిబు లోపలి నుంచి అడిగాడు. "టాంకీదే, టాంకీదే" అన్నారు మా ఆయన. ఏది టాంకీదో ఆయనకేం తెలుసు? తెలియదని చెబితే కాంపౌండరు పరువు పోదూ!

అంతా బిగించాక తాళం తిప్పితే కొత్త ముల్లు కొంచెం కదిలింది. సాయిబు అల్లా దయ అన్నాడు. మా ఆయన ప్రభువుకు స్తోత్రం అన్నారు. పెట్రోలు బంకుకు పోయి, ముల్లు లేచిన సంతోషంలో ట్యాంకు నిండుగా పోయించారు. మళ్ళీ తాళం తిప్పారో లేదో, వేడి ముల్లు మెల్లగా లేచి లేచి హెచ్‌కు పోయి తగులుకుంది.

ఇంకా ఇంజను స్టార్టు కూడా చేయలేదు. నాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. "కదలని బండికి వేడేందండీ?" అని అడిగాను. "మంచం మీద పడుకోనుండే మనిషికి జొరం రాదా?" అన్నారు ఆయన.

సాయిబు దగ్గరికి తిరిగి పోతే షెడ్డుకు తాళం. అనుమసముద్రంపేట దర్గాకు పోయాడట, రెండు రోజులదాకా రాడట. చేసేది లేక ఉదయగిరి దారి పట్టాం. మైలుకోసారి బండి ఆపి చల్లబరిచాం. నా చీరకొంగు తడిపి బానెట్టు మీద పరిచాం. ముల్లు చెక్కు చెదరలేదు. పొద్దున బయలుదేరిన పెళ్ళివాళ్ళం సాయంత్రానికి ఇల్లు చేరాం. ఇంటికి వచ్చేసరికి ముల్లు హెచ్ నుంచి ఒక పిసరు దిగింది. మా ఆయన మీటరు అద్దాన్ని వేలితో తట్టి అన్నారు.

"పెట్రోలు తగ్గేకొద్దీ జొరం తగ్గతా ఉండాది."

మర్నాడు పరీక్ష పెట్టారు. సెలైను ఎక్కించే రబ్బరు గొట్టం ఒకటి తెచ్చి, ట్యాంకులోంచి డబ్బాలోకి పెట్రోలు లాగారు. నన్ను మీటరు ముందు కూర్చోబెట్టారు. రెండు లీటర్లు లాగితే ముల్లు కాస్త దిగింది. ఇంకో రెండు లాగితే ఇంకాస్త దిగింది. తిరిగి పోస్తే తిరిగి లేచింది. నా కళ్ళారా చూశాను. మా అత్తగారు గడపలో కూర్చుని అంతా గమనించి, "ఇంతోటి దానికి పరీచ్చలెందుకురా? పెట్రోలు దానికి వేడి చేస్తా ఉండాది. మామిడిపండు ఎక్కువ తింటే మనకు చేయదా? తగ్గించి పొయ్యి" అంది.

సైన్సు చదివినదాన్ని, నవ్వాలి కదా నేను. నవ్వలేదు. బొప్పాయి వేడి, గుడ్డు వేడి, ఆవకాయ వేడి అని వింటూ పెరిగినదాన్ని. అగ్గిపుల్ల తగిలితే భగ్గుమనే పెట్రోలు ఎంత వేడి వస్తువై ఉండాలి? అబ్బ, ఎంత బాగా అతికిందో నా బుర్రలో! మా అత్తగారు రేడియేటరులో పలచటి మజ్జిగ పోయమన్నప్పుడు మాత్రం అడ్డుపడ్డాను. నేను చదివిన సైన్సంతా అంతవరకే పనికొచ్చింది.

ఆ రోజు నుంచి కారు పథ్యంలో పడింది. రెండు లీటర్లకు మించి పోసేది లేదు. వేడి ముల్లు సి దగ్గర బుద్ధిగా ఉండేది. ఇక పెట్రోలు మీటరు సంగతి చెబితే మీరు నమ్మరు. పొద్దున్నే అడుగున ఉండేది. బండి నడిచేకొద్దీ అదే లేచి సగానికి వచ్చేది! "రాత్రంతా పడుకోనుంటాది గదా, పెట్రోలు అడుక్కు దిగిపోతాది. కుదుపుకు లేస్తాది" అన్నారు మా ఆయన. పోయేకొద్దీ పెట్రోలు పెరిగే బండి జిల్లాలో ఇంకెవరికీ లేదని స్నేహితులకు చెప్పుకుని మురిసిపోయేవారు.

ఇట్లా కొన్ని నెలలు గడిచాయి. అప్పుడు వచ్చింది నా ఆర్డరు. ఆత్మకూరు హైస్కూల్లో సైన్సు టీచరు పోస్టు. కాగితం చేతిలో పట్టుకుని వంటింట్లో ఏడ్చేశాను. మూడేళ్ళు! చుట్టాలంతా "ఏమ్మా, ఇంకా రాలేదా?" అని అడిగి అడిగి ఇక అడగడం కూడా మానేశారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివితే గుండె ఆగినంత పనైంది. కవరు మీద వీధి పేరు తప్పు రాశారు, ఆ ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది. చేరడానికి గడువు మర్నాడు సాయంత్రం నాలుగు గంటలు. ఆలోపల రిజిస్టరులో సంతకం పెట్టకపోతే జాబితాలో నా తర్వాత ఉన్నవాళ్ళకు పోస్టు పోతుంది.

"తెల్లవారే మొదటి బస్సుకు పోతాను" అన్నాను. మా ఆయన ముఖం చిన్నబోయింది. "కారు పెట్టుకోని బస్సా? కాంపౌండరు పెళ్ళాం ఉద్యోగంలో చేరేదానికి బస్సులో నిలబడి పోయిందని ఊరంతా అనుకోవాలనా?" అన్నారు. ఆ ముఖం చూడలేక సరేనన్నాను. ఆ సరే అన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు.

మర్నాడు ఎనిమిదింటికి బయలుదేరాం. మా అత్తగారు ప్రార్థన చేసింది, నాకోసం కొంత, బండికోసం కొంత. మెట్ట దారిలో కారు చక్కగా పోయింది. వేడి ముల్లు సి మీద. పెట్రోలు ముల్లు సగం మీద. "ఈ దినం నాడి బ్రహ్మాండంగా ఉండాది" అని మా ఆయన ఈల వేశారు. అనుమసముద్రంపేట ఇంకా చాలా దూరం ఉండగానే బండి రెండుసార్లు ఎగిరి, ఒకసారి మూలిగి, ఆగిపోయింది.

మా ఆయన చొక్కా చేతులు మడిచారు. ప్లగ్గులు తీసి ఊదారు. కార్బురేటరు విప్పి తుడిచారు. బ్యాటరీ తీగలు గీకారు. "పెట్రోలు అయిపోయిందేమో" అని నేను ఒక్కసారి అన్నాను. "సగం ఉండాది, కనపడతాలా?" అని మీటరు చూపించారు. నిజమే, సగం ఉంది. పది అయింది. పదకొండు అయింది. పోయే బస్సు ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. చెయ్యెత్తితే ఆపలేదు, కిటకిటలాడుతూ ఉంది. నేను కారులో కూర్చుని, ఆర్డరు కాగితం ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుని, ఏం చేయాలో తోచక ఆ మీటర్లనే చూస్తూ ఉన్నాను.

పన్నెండు కావస్తుండగా తాళం ఒకసారి తిప్పి చూశాను. పెట్రోలు ముల్లు సగం దగ్గర లేదు. అడుక్కు దిగిపోయి ఉంది.

నిలబడ్డ బండిలో పెట్రోలు ఎవరు తాగారు? దిగి, వంగి, ట్యాంకు కింద చూశాను. ఒక్క చుక్క కారలేదు. బండి ఆగినప్పుడు బానెట్టు ఎత్తితే చెయ్యి చుర్రుమన్న సంగతి గుర్తొచ్చింది, వేడి ముల్లు మాత్రం అప్పుడూ సి దగ్గరే ఉంది. ఇప్పుడు ఇంజను చల్లారింది, వేడి ముల్లు కదలలేదు, పెట్రోలు ముల్లు దిగింది. నాకు దిమ్మ తిరిగిపోయింది. సాయిబు చాపిన చెయ్యి, మా ఆయన అందించిన తీగ కళ్ళ ముందుకొచ్చాయి. రెండు తీగలు అటుదిటు, ఇటుదటు! ఇన్ని నెలలుగా మేము జ్వరం అనుకున్నది ట్యాంకులో పెట్రోలు, పెట్రోలు అనుకున్నది ఇంజను వేడి. నిండు ట్యాంకును చూసి హడలిపోయి బండిని మాడ్చాం. ఎండిన ట్యాంకును చూసి ఆరోగ్యం అనుకుని బయలుదేరాం.

నాకు కోపం వస్తే 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోతుంది. ఆ రోజు అంతకంటే కిందికి కూడా దిగింది.

"టాంకీదే, టాంకీదే అంటివే! ఏది టాంకీదో నీకు తెలుసునా? తెలవదని చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? పెట్రోలు వేడి చేస్తాదా? నీ మొహానికి పెట్రోలు వేడి చేస్తాదా? నా ఉద్యోగం పోతే నీ బండి కూడు పెడతాదా?"

"అది కాదు మే..." అన్నారు మా ఆయన.

"ఏంది కాదు? మూడేళ్ళు చూసినాను ఆ కాగితం కోసం! మూడేళ్ళు!"

"నేను చెప్పేది ఒక్క మాట..."

"నువ్వు చెప్పబాకు! నువ్వు చెప్పింది విన్నందుకే ఈడ ఎండలో నిలబడుండా!"

ఆయన ఇంకోసారి నోరు తెరిచారు. నేను తెరవనిస్తేనా! అప్పుడే దర్గాకు పోయే జనంతో ట్రాక్టరు ఒకటి వచ్చింది. చెయ్యెత్తాను, ఆపారు. ట్రక్కులో ఒక ముసలామె జరిగి, "రా బేటీ, ఎక్కు" అని చెయ్యి అందించింది. ఎక్కి కూర్చున్నాను. మా ఆయన నాలుగు అడుగులు వెంట వచ్చి, చేత్తో కారు వెనకవైపు ఏదో చూపించారు. నేను మొహం తిప్పుకున్నాను. ముసలామె నా వైపూ ఆయన వైపూ చూసి, "మొగుడా?" అని అడిగింది. "అవును, ఖర్మ" అన్నాను. ఆమె పెద్దగా నవ్వి నాకు నీళ్ళ చెంబు ఇచ్చింది.

ట్రాక్టరు నడిచే నడకకు నా తల ప్రాణం తోకకొచ్చింది. పేటలో దిగితే బస్సు లేదు. గంటకు పైగా నిలబడ్డాను. ఒకరి భుజం మీద ఒకరు ఎక్కినట్టున్న బస్సు వస్తే, ఒంటికాలి మీద వేలాడుతూ ఆత్మకూరు చేరాను. స్టాండు నుంచి స్కూలుకు పరుగు. గేటు దగ్గరికి వచ్చేసరికి నాలుగుకు పది నిమిషాలు. జుట్టంతా దుమ్ము, చీరకు ట్రాక్టరు నూనె.

గేటు లోపల మా కారు నిలబడి ఉంది.

కళ్ళు తేలేశాను. వరండాలో స్తంభం పక్కన మా ఆయన ఉన్నారు. నన్ను చూడగానే దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో చెప్పారు. "దూరం పోవాల గదా అని రాత్రి బండిలో ఐదు లీటర్లు పోసినా. పొద్దున ముల్లు లేచుండాది, నువ్వు స్నానానికి పోయినప్పుడు మూడు లీటర్లు లాగి డబ్బాలో పోసినా. నువ్వు చేరబోయే దినం బండికి వేడి చేయకూడదని. డబ్బా డిక్కీలోనే ఉండాది. ఆడ నువ్వు తీగల సంగతి చెప్పంగానే నాకు తట్టింది. చెబుదామనుకుంటిని. నువ్వు సందు ఇయ్యలా."

పెట్రోలు మా వెనకాలే ఉంది. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం నేను నోరు మూసుకుని ఉంటే రెండింటికే వచ్చి చేరేదాన్ని. విప్పిందంతా బిగించుకుని ఆయన వచ్చేసరికి ట్రాక్టరు పేట చేరిపోయిందట, దర్గా జనంలో నన్ను ఎంత వెతికినా కానక, బస్సెక్కి పోయాననుకుని నేరుగా వచ్చేశారట. గంట నుంచి ఇక్కడే నిలబడి, రిజిస్టరు మూయకండని హెడ్మాస్టరుగారిని బతిమాలుతున్నారట. ఆయన వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. పొద్దున ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా మసిగుడ్డ అయిపోయింది. పాపం అనిపించింది. నిజంగా అనిపించింది, అబద్ధమెందుకు.

హెడ్మాస్టరుగారు లోపలికి పిలిచారు. కళ్ళజోడు మీదుగా నన్ను ఎగాదిగా చూసి, నా ఆర్డరు చదివి, రిజిస్టరు తీశారు. పెన్ను నా వైపు జరపబోయి ఆగారు.

"మీ ఆయన ఒక మాట చెప్పినాడమ్మా. బండికి పెట్రోలు ఎక్కువైతే వేడి చేస్తాదంట, దానివల్లే మీకు ఆలస్యమైందంట. నాకు స్కూటరుండాది. వింటానే ఆశ్చర్యపోయినా. మీరు సైన్సు టీచరు గదా, చెప్పండి. అది నిజమేనా?"

డిక్కీలో పెట్రోలు పెట్టుకుని నడిరోడ్డు మీద నిలబడ్డానని చెప్పుకోలేక, మా ఆయన ఆ పాత పాటే పాడారన్నమాట. తలుపు పక్కన నిలబడి నేల చూపులు చూస్తున్నారు. పొద్దుటి నుంచి దాచుకున్న తిట్లు నా దగ్గర ఇంకా బోలెడు మిగిలి ఉన్నాయి. గోడ మీద గడియారం నాలుగుకు మూడు నిమిషాలు చూపిస్తోంది.

"నిజమే సార్" అన్నాను. "కొన్ని బండ్లకు చేస్తుంది."

మా ఆయన తల ఎత్తి నన్ను చూశారు. హెడ్మాస్టరుగారు అదీ సంగతి అన్నట్టు తలాడించి పెన్ను ఇచ్చారు. సంతకం పెట్టాను.

ఆ రాత్రి ఆత్మకూరులోనే తెలిసినవాళ్ళ ఇంట్లో ఉండి, పొద్దున్నే స్కూలుకు వచ్చాను. ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరుగారు నన్ను మెట్ల మీదికి పిలిచి, పిల్లలందరికీ పరిచయం చేశారు. కొత్త సైన్సు టీచరమ్మ వచ్చారన్నారు. వచ్చీ రాగానే మన జీవితంలో అక్కరకొచ్చే గొప్ప విషయం ఒకటి తెలియజేశారన్నారు. ఆ తర్వాత, బండికి పెట్రోలు వేడి చేస్తుంది కాబట్టి అందరూ ఇంటికి పోయి పెద్దవాళ్ళకు చెప్పండి, కొంచెం కొంచెంగా పోసుకోమనండి అని గట్టిగా చెప్పారు.

నేను నోరు తెరిచాను. ఎదురుగా వరసలు వరసలుగా పిల్లలు. వాళ్ళ వెనక గేటు దగ్గర, ఉతికిన చొక్కా ఇంకా ఆరకుండానే తొడుక్కుని, మా ఆయన నిలబడి ఉన్నారు.

తెరిచిన నోరు మూసుకున్నాను. నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి అని మా ఆయన ఇప్పటికీ అంటారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా ఆయన కొట్టారు.